ఆపు అని ఎవరైనా చెప్పొచ్చు

రిటైరయ్యాక మా ఇంటికి కొత్త నర్సులు వస్తూంటారు. కూర్చోగానే అడిగేది ఒకటే. "సిస్టర్, జబ్బు పిల్లని ఇంటికి పంపేటప్పుడు, ఇంట్లో ఊపిరి ఆడకపోతే ఏం చెయ్యాలో తల్లిదండ్రులకి ఒక్క ముక్కలో ఎలా చెప్పాలి?" ఒక్క ముక్కలో చెప్పగలిగే సంగతైతే దానికి నేను సర్వీసంతా ఎందుకు తగలేస్తాను? వాళ్లకి టీ ఇస్తాను, ఏదో చెబుతాను. వాళ్లు వెళ్లిపోయాక, చెప్పింది సరైనదేనా అని నాలో నేను గింజుకుంటాను.

ఈ గింజులాట ఎందుకని రాయడానికి కూర్చున్నాను. తెలిసింది రాస్తాను. తెలియంది కూడా రాస్తాను. రెండోదే ఎక్కువుందని రాయడం మొదలుపెట్టాకే తెలిసింది.

నేను జంషెడ్‌పూర్‌లోనే పుట్టాను. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి కర్మాగారంలో పనికి వచ్చారు. నేను మాత్రం ఆ గేటు దాటి ఎన్నడూ లోపలికి వెళ్లలేదు. పిల్లల వార్డులో నర్సుగా చేరి అక్కడే తల నెరిసిపోయాను. చివరి ఏళ్లలో నాకు వేరే పని అప్పగించారు. గొంతులో గొట్టంతో ఊపిరి తీసుకునే పసిపిల్లల్ని ఇంటికి పంపే ముందు తల్లిదండ్రులకి అన్నీ నేర్పడం, పంపాక అప్పుడప్పుడు ఆ ఇళ్లకి వెళ్లి చూసి రావడం. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారు అన్నవి ఇందులో ఉండవు. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకలాగే ఉంటాయి.

పరుగెత్తొద్దు అని చెప్పడం

ముందు గొట్టం సంగతి. కొందరు పిల్లలు నెలలు నిండకుండా పుడతారు. చాలాకాలం వెంటిలేటర్ మీద ఉంటారు. ఆ ఒరిపిడికి లోపల శ్వాసనాళం మూసుకుపోయినట్టు సన్నబడుతుంది. అప్పుడు గొంతు ముందు చిన్న రంధ్రం చేసి, పిల్ల చిటికెన వేలంత గొట్టం పెడతారు. ఇక పిల్ల ఊపిరి ముక్కుతో కాదు, ఆ గొట్టంతో. గొట్టంలో కఫం చేరితే చిన్న మెషిన్‌తో పీల్చెయ్యాలి. కఫం ఎండి గట్టిపడి అడ్డం పడితే మెషిన్‌కి ఉండే సన్న గొట్టం లోపలికి దిగదు. అప్పుడు మెడలో గొట్టాన్ని తీసేసి కొత్తది పెట్టాలి. ఎక్కడున్నారో అక్కడే, ఆ క్షణమే.

అమ్మానాన్నలకి మింగుడుపడనిది ఈ ఆఖరి మాటే. పిల్ల నీలంగా అయిందంటే ఎవరైనా ఏం చేస్తారు? ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెడతారు. వెనకాలే వీధంతా పరుగెడుతుంది. ఒకరు ఆటో అంటారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించమంటారు, ఒకరు అమ్మవారికి ముడుపు కట్టమంటారు. ఆస్పత్రికి చేరేసరికి ఏముంటుంది? అందుకే వాళ్ల చేతికి ఒక సంచీ ఇచ్చేవాళ్లం. అందులో అదే సైజు గొట్టం, దానికంటే చిన్న సైజు గొట్టం, కత్తెర, మెడకి కట్టే పట్టీలు, చేత్తో నొక్కి ఊపిరి పోసే బ్యాగు ఉండేవి. "మీ ఆస్పత్రి ఈ సంచీలోనే ఉంది, ఎక్కడికీ పరుగెత్తొద్దు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. ఇందులో మాత్రం నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

సందేహాలన్నీ దీని తరవాతే మొదలవుతాయి. మా మేట్రన్ గారు గట్టి మనిషి. ఏం చెయ్యాలో వరసగా ఎక్కం లాగా కంఠతా పట్టించేవారు. అప్పగిస్తేనే డిశ్చార్జి. ఒక తండ్రి తడుముకోకుండా ఒప్పజెప్పి వెళ్లాడు. తీరా అవసరం వచ్చినప్పుడు ఆయన చేతులు కట్టుకుని ఎక్కం చదువుతూ నిలబడ్డాడని వాళ్లావిడ నా దగ్గర లబలబలాడింది. సరే, కంఠతా పట్టడం నోటికి పనికొస్తుంది గానీ చేతికి పనికిరాదు అనుకున్నాను. ఇంకో తల్లికి ఎక్కం మానిపించి పనే నేర్పాను. ఆవిడ కంగారులో వరస మరిచిపోయి ముందు చెయ్యాల్సింది చివర్లో చేసింది. ఇద్దరు పిల్లలూ దక్కారు గనక ఇలా నిదానంగా రాయగలుగుతున్నాను.

డాక్టర్లు కూడా తక్కువ తినలేదు. పొద్దున డ్యూటీ డాక్టరు, "ఆక్సిజన్ చూపించే మెషిన్ కేసి చూడకండి, పిల్ల రంగు చూడండి" అనేవాడు. సాయంత్రం డ్యూటీ ఆవిడ, "కళ్లు మోసం చేస్తాయి, మెషిన్ చెప్పింది నమ్మండి" అనేది. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లే. ఇద్దరి మాటకీ తలూపేదాన్ని. ఇద్దరి మాటా నిజమయిన రోజులు చూశాను, ఇద్దరి మాటా తప్పిన రోజులూ చూశాను.

ఏడిస్తే వినపడని పిల్ల

అలా వచ్చిన పిల్లల్లో పైడి ఒకతి. భుయ్యాడీహ్‌లో ఆటో పట్టని సందులో ఇల్లు. తండ్రి రమణ కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు, కాంట్రాక్టు మనిషి. తల్లి పుష్ప. రమణ తల్లి అప్పలనరసమ్మ, మొక్కుకుని మనవరాలికి అమ్మవారి పేరు పెట్టింది. వార్డులో పైడికి రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చి చచ్చి బతికింది. ఇంటికి వెళ్తేనే బాగుపడుతుందని డాక్టర్లన్నారు. ఆ ఇంట్లో ముగ్గురికీ నేర్పే పని నాది.

గొట్టం ఉన్న పిల్ల ఏడిస్తే శబ్దం రాదు. గాలి గొంతు దాకా పోదు గదా. మొహం ఎర్రబడుతుంది, నోరు తెరుచుకుంటుంది, కళ్ల నీళ్లు కారతాయి. ఏ చప్పుడూ ఉండదు.  

"ఏటి సిస్టరమ్మా ఇది, పక్కన కూకున్నా గుంట ఏడిసినట్టు తెల్దు. మరి రేతిరి మేమెలాగ కన్నుమూసేది?" అని అప్పలనరసమ్మ నన్ను నిలదీసింది. పిల్లకి కాళ్లకి మువ్వల పట్టీలు తొడిగింది. కాళ్లు తపతపలాడిస్తే మువ్వలు మోగుతాయని ఆవిడ లెక్క. మెడలో తాయెత్తు కూడా కట్టింది. మెడ దగ్గర గొట్టం పట్టీ తప్ప ఇంకే దారం ఉండకూడదని నేను గొడవపెట్టాను. చివరికి తాయెత్తు మొలతాడుకి దిగింది, మువ్వలు కాళ్లకే ఉన్నాయి. అమ్మవారికి మొలైనా ఒకటే, మెడైనా ఒకటేనని ఆవిడే రాజీపడింది.

రమణ చేసింది వేరు. క్రేన్ మీద వాళ్లకి మాటలు వినపడవు. చెవులు పగిలే మోత. కింద నుంచి సిగ్నల్ ఇచ్చే మనిషి చేతులు చూసే పని నడుస్తుంది. చూపుడు వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తు, కిందికి పెట్టి తిప్పితే దించు. డ్యూటీ నుంచి రాగానే రమణ పిల్ల ముందు వేలు పైకి తిప్పి ఎత్తుకునేవాడు, కిందికి తిప్పి మంచం మీద దించేవాడు. కొన్నాళ్లకి పైడి వేలు తిప్పడం మొదలుపెట్టింది. నోట మాట లేని పిల్ల, వేలు తిప్పి "నన్నెత్తుకో" అంటుంటే చూసి నేను గుమ్మంలోనే కూలబడి నవ్వాను. తరవాత ఏడుపు కూడా వచ్చింది.

క్రేన్ కానూను

ఇంట్లో అలవాటు చెయ్యడానికి ఒకసారి ముగ్గురినీ కూర్చోబెట్టి ఉత్తుత్తి గొట్టం మార్పు చేయించాను. ముగ్గురూ ముగ్గురికీ హుకుం జారీ చేశారు. అప్పలనరసమ్మ "పట్టీ కొయ్యి" అంటే పుష్ప "కొయ్యకు" అంది. రమణ ఇద్దరికేసీ చూసి గొట్టం కింద పెట్టేశాడు.

"దీదీ, ఒక మాట సెప్పమంటారా?" అన్నాడు నాతో. "క్రేన్‌లో కూకున్నప్పుడు కింద పదిమంది అరుత్తారు. మేం ఒక్కడి సెయ్యే సూత్తాం. బాకీ సబ్ షోర్ హై, ఒట్టి గోల. సిగ్నల్ ఇచ్చేవోడు ఒక్కడే ఉండాల. అదే మా కానూను."

"మరి ఆ ఒక్కడూ తప్పు సిగ్నల్ ఇస్తే?" అన్నాను.

"అందుకు ఇంకో కానూను ఉంది కదా. ఆపు అని మాత్రం ఎవలైనా సెప్పొచ్చు. ఊడ్సేవోడైనా సరే, సాబ్ అయినా సరే." చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపి చూపించాడు. "ఇలగ ఎవలు ఊపినా బరువు గాల్లో నిలబడిపోవాల. ఎందుకని అడగకూడదు. ముందు ఆపాల, తర్వాతే అడగాల."

నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అక్కడికక్కడే పని పంచేశాం. పుష్ప సిగ్నల్, రమణ చేతులు, పిల్లని కదలకుండా పట్టుకోవడం అత్తగారు. పుష్ప చెప్పిందే జరగాలి. ఆపు అని ఎవరైనా అనొచ్చు. ఆ తరవాత బారిడీహ్‌లో, బిర్సానగర్‌లో, ఎక్కడ గొట్టం పిల్ల ఉంటే అక్కడ ఈ క్రేన్ కానూను నేర్పాను. స్టీలు పనివాళ్ల ఇళ్లు గదా, ఎక్కం కంటే ఇది తొందరగా ఎక్కింది. మేట్రన్ గారు మొహం చిట్లించారు. నేను లెక్కచెయ్యలేదు. ఎట్టకేలకు ఒక్క ముక్కలో చెప్పే మాట దొరికిందనుకున్నాను.

ముగ్గురు చెప్పిన మూడు మాటలు

వేసవిలో ఇక్కడ వడగాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ గాలికి గొట్టంలో కఫం అప్పడంలా ఎండిపోతుంది. ఒకరోజు మధ్యాహ్నం రమణ మొదటి షిఫ్టు నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆక్సిజన్ మెషిన్ కూసింది. పిల్ల మొహం బూడిద రంగులోకి తిరిగింది. పుష్ప కఫం పీల్చబోతే మెషిన్ గొట్టం లోపలికి దిగలేదు. ఇక మార్చాల్సిందే. అప్పలనరసమ్మ పిల్ల భుజాల కింద తువ్వాలు చుట్టి పెట్టి, మెడ వెనక్కి వంచి పట్టుకుంది. రమణ కొత్త గొట్టం చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇంతవరకు ముగ్గురూ ఒకే మాట చెప్పారు.

నేను మర్నాడు వెళ్లాను. అప్పటికి పిల్ల కొత్త గొట్టంతో హాయిగా నిద్రపోతోంది. ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ఇక్కడి నుంచి నా బుర్ర తిరగడం మొదలయింది.

పుష్ప చెప్పింది: "నాను మార్చు అన్నాను దీదీ. గట్టిగానే అన్నాను. నా సెవులకి నాకు వినపడింది. ఆయనే కదల్లేదు. కొయ్యబారిపోయి నన్నే సూత్తన్నాడు."

రమణ చెప్పాడు: "సిగ్నల్ రాలేదు దీదీ. పుష్ప నోరు కదిలింది గానీ మాట రాలేదు. నాను దాని సెయ్యి సూసినాను. సెయ్యి సాపింది, అరసెయ్యి కిందికుంది, ఊపింది. అది స్టాప్. నానెలాగ కదుల్తాను?"

పుష్ప తాను చెయ్యి ఊపనేలేదంది. తరవాత, ఊపానేమో, చెమట తుడుచుకున్నానేమో అంది. ఆ తరవాత మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పాపం పుష్ప ఏడుపుకి కూడా చప్పుడు లేదు.

అప్పలనరసమ్మ చెప్పింది: "ఆలిద్దరూ ఒకల మొకాలొకలు సూసుకుంతన్నారు. గుంట కాలు మువ్వ మోగడం మానీసింది. నానేటి సేసేది సిస్టరమ్మా? మెడ పట్టీ విప్పి గొట్టం నానే లాగీసినాను. లాగీసినాక కంతలోంచి బుస్సుమని గాలొచ్చింది. అప్పుడు ఈడికి తెలివొచ్చి కొత్తది పెట్టినాడు."

కాదు, తనే తీశానని రమణ అన్నాడు. పుష్ప ఎవరు తీశారో చూడలేదంది. పాత గొట్టం అన్నం కంచంలో దొరికిందట. అది అందులోకి ఎలా వచ్చిందో ముగ్గురికీ తెలీదు.

ఇది జరిగినప్పుడు నేనక్కడ లేను. ముగ్గురిలో అబద్ధం చెప్పే మనిషి ఒక్కరూ లేరు. అయినా మూడు మాటలూ కలవవు. రమణ లాంటి తండ్రిని నేనింకొకర్ని చూడలేదు. కూతురంటే ప్రాణం. అలాంటివాడు, కూతురు బూడిద రంగుకి తిరుగుతుంటే గొట్టం గాల్లో పట్టుకుని ఆగాడు. క్రేన్ ఎక్కని మనిషి ఎవడూ అలా ఆగి ఉండడు. కానీ క్రేన్ ఎక్కని మనిషి చేతులు ఆ తరవాత అంత నిబ్బరంగా గొట్టం పెట్టి ఉండేవా? నా క్రేన్ కానూను ఆ పిల్లని కాపాడిందా, చంపబోయిందా? ఆలోచించినకొద్దీ రెండూ నిజమేననిపించేది.

పిల్లని తీసుకురావాలా వద్దా

వార్డు పెద్ద డాక్టరుగారికి విషయం చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఆ ఇంట్లో ఆ పిల్ల బతకదు సిస్టర్. వెనక్కి తీసుకొచ్చెయ్యండి" అన్నారు. వార్డులో ఇన్ఫెక్షన్ వస్తే ఈసారి తట్టుకోదని నేనన్నాను. ఆయన, "అయితే మీరే ఇంకోసారి వెళ్లి చూడండి. ఇంట్లో ఉంచొచ్చంటే ఉంచుదాం, వద్దంటే అంబులెన్స్ పంపుతాను. మీ మాటే నా మాట" అన్నారు. పెద్దవాళ్లు నిర్ణయం మన నెత్తిన పెట్టి గౌరవించారనుకోమంటారు. ఆ గౌరవం బరువు మోసేవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో ఉంటే గొట్టం భయం, వార్డులో ఉంటే ఇన్ఫెక్షన్ భయం. ఎటు చెప్పినా పిల్లకి ఏమైనా అయితే చెప్పింది నేనే. భుయ్యాడీహ్ సందులో నడుస్తున్నంతసేపూ ఒక అడుగుకి ఉంచేద్దామనీ, ఇంకో అడుగుకి తెచ్చేద్దామనీ అనుకున్నాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి కూడా ఏమీ తేలలేదు.

వాళ్లకి కబురు ముందే అందినట్టుంది. అప్పలనరసమ్మ మంచినీళ్లు ఇవ్వకుండానే అడిగేసింది. "మా గుంటని తీసుకుపోడానికొచ్చినారేటి?"

"చూడ్డానికి వచ్చాను" అన్నాను.

"సూడండి. సూసీసి ఇక్కడే వదిలీయండి" అందావిడ. పుష్ప తల ఎత్తి నాకేసి చూడను కూడా లేదు.

పైడి మంచం మీద కూర్చుని గిన్నెలు బోర్లిస్తోంది. ఏడాది దాటిన పిల్ల. గొట్టంలో గురగురమని కఫం చప్పుడు వినిపిస్తోంది. రంగు బాగుంది, పెదాలు ఎర్రగా ఉన్నాయి. కంగారేమీ లేదు. "కఫం రోజూ ఎలా తీస్తారో అలాగే తియ్యండి, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను. ముగ్గురూ వాళ్ల వాళ్ల చోట్లలో సర్దుకున్నారు. అత్తగారు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. రమణ చేతులు కడుక్కొచ్చి మెషిన్ గొట్టం పట్టుకున్నాడు. పుష్ప నన్నొకసారి చూసి, "ఊఁ, కానీ" అంది.

రమణ చెయ్యి కదిలింది. గొట్టం దగ్గరికి వెళ్లేలోపు పైడి తన చెయ్యి చాపింది. అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపింది.

రమణ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"కానీ" అంది పుష్ప మళ్లీ. రమణ కదల్లేదు.

నాకు ఒళ్లు మండింది. ఏ రోగం చూడ్డానికి వచ్చానో ఆ రోగమే కళ్లముందు కనపడింది. "ఏమిటయ్యా ఇది? పసిపిల్ల ఆటకి చెయ్యి ఊపితే ఆగిపోతావా? దానికేం తెలుసు? కానియ్!" అని అరిచాను.

రమణ తల తిప్పలేదు. కూతురి చేతికేసే చూస్తూ, "స్టాప్ ఎవలదైనా స్టాపే దీదీ" అన్నాడు. "ముందు ఆపాల, తర్వాతే అడగాల."

అడగడానికి పిల్లకి మాటలేవి? నేను లేచాను. మెషిన్ గొట్టం రమణ చేతిలోంచి లాక్కోవడానికి చెయ్యి కూడా చాచాను. అప్పుడు పైడి నాకేసి తిరిగింది. ఈసారి రెండు చేతులూ చాపి ఊపింది. క్రేన్ వాళ్ల భాషలో దానికి అత్యవసరంగా ఆపమని అర్థమని రమణ తరవాత చెప్పాడు. నాకది తెలియకపోయినా నా చెయ్యి ఆగింది. ఎందుకాగిందో ఇప్పటికీ చెప్పలేను. సర్వీసంతా వేలసార్లు పసిపిల్లల గొంతుల్లో గొట్టాలు దించాను. ఆపమని నన్ను ఎవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గర అడిగే దారి లేదు. ఇది అడిగింది.

పైడి ముందుకి వంగింది. మొహం ఎర్రగా చేసుకుని గట్టిగా దగ్గింది. ఎండిన కఫం ముక్క గొట్టంలోంచి ఎగిరొచ్చి నా చీర కుచ్చిళ్ల మీద పడింది. గురగుర ఆగిపోయింది. పిల్ల నిటారుగా కూర్చుని, చూపుడు వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పింది. ఎత్తుకోమని. రమణ మెషిన్ గొట్టం పక్కన పడేసి ఎత్తుకున్నాడు.

అప్పలనరసమ్మ నా చీర తుడుస్తూ, "మీ మీదే పడిందేటి సిస్టరమ్మా" అని నవ్వడం మొదలుపెట్టింది. పుష్ప కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వాళ్లని చూసి నాకూ నవ్వాగలేదు.

కొత్త నర్సు పిల్లలూ, ఇక్కడ ఒకటి గట్టిగా చెబుతాను. రంగు బాగున్న పిల్ల దగ్గర ఆగొచ్చు. రంగు మారిన పిల్ల దగ్గర, ఎవరు చెయ్యి ఊపినా, దేవుడు దిగొచ్చి ఊపినా ఆగకూడదు. ఆ రోజు వాళ్లకి కూడా ఇదే చెప్పి, ముగ్గురి చేతా అనిపించాను. పెదాలు నల్లబడితే క్రేన్ కానూను రద్దు, ఎవరు దగ్గరుంటే వాళ్లే గొట్టం లాగెయ్యాలి. "అదే కదా నాను సేసినాను" అంది అప్పలనరసమ్మ. "కాదు, నానే" అన్నాడు రమణ. ఆ తగువు తీరేది కాదని వదిలేశాను.

డాక్టరుగారికి ఫోన్ చేసి, ఇంట్లోనే ఉండనివ్వండి అన్నాను. ఏం చూసి చెబుతున్నారని ఆయన అడిగారు. పిల్ల చెయ్యి ఊపింది, రమణా నేనూ ఆగాం, కాబట్టి ఉంచండి అని చెబితే నా బుర్ర కూడా పరీక్ష చేయిస్తారని, "బాగానే చేస్తున్నారు సార్" అని ఊరుకున్నాను. ఆ నిర్ణయం వాళ్ల మీద నమ్మకంతో చెప్పానా, అందరం నవ్వుకున్నాం గనక చెప్పానా? పైడి దగ్గకపోయి ఉంటే ఏం చెప్పేదాన్ని? ఇవి నన్నడక్కండి. నేనే నన్ను చాలాసార్లు అడిగాను.

మొన్న

తరవాత పైడికి పెద్ద ఊళ్లో ఆపరేషన్ అయింది, గొట్టం తీసేశారు. మెడ మీద చిన్న మచ్చ మిగిలింది. బొంగురుగా ఉన్నా గొంతు వచ్చింది. మొన్న ముగ్గురూ పైడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఇప్పుడు నోరు మూయడం లేదమ్మా, ఆ గొట్టమే బాగుండేది" అని అప్పలనరసమ్మ మనవరాలిని దెప్పింది. నేను తెలుగులో పలకరిస్తే పైడి హిందీలో జవాబిచ్చింది. లడ్డూ తింటూ మా ఇల్లంతా తిరిగింది.

నాకు ఈమధ్య ఆయాసం పట్టుకుంది. ఈ ఊరి గాలో, నా వయసో తెలీదు. మాటల మధ్యలో దగ్గు మొదలై ఊపిరందలేదు. వెంటనే ఎవరికి తోచింది వాళ్లు మొదలెట్టారు. పుష్ప నీళ్లు తాగమని గ్లాసు నోటికి ఆనించింది. రమణ వెన్ను మీద చరిచాడు. అప్పలనరసమ్మ పడుకోబెట్టమంది, మా ఆయన లేపి నిలబెట్టమన్నారు. ఊపిరాడక కాదు గానీ వీళ్లందరి సాయంతో పోయేలా ఉన్నాను. ఆగండి అందామంటే గొంతులోంచి మాట రాలేదు. నోరు తెరుచుకుంది, చప్పుడు లేదు. ఇన్నేళ్లు ఆ పిల్లలకి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది.

చెయ్యి చాపాను. అరచెయ్యి కిందికి పెట్టి అటూ ఇటూ ఊపాను. ఎవరూ చూడలేదు, పైడి ఒక్కతే చూసింది. లడ్డూ కింద పడేసి మా మధ్యలోకి వచ్చి, రెండు చేతులూ చాపి, బొంగురు గొంతుతో అరిచింది.

"రుకో! అమ్మమ్మ స్టాప్ చెప్పింది!"

అందరూ ఆగారు. రమణ చెయ్యి నా వెన్ను మీద గాల్లోనే నిలిచిపోయింది.  నేను ముందుకి వంగి, నా తీరున నేను దగ్గి, నిదానంగా ఊపిరి తీసుకున్నాను. పైడి నా మొహంలోకి చూస్తూ, నేను వేలు పైకి తిప్పేదాకా అలాగే చేతులు చాపుకుని నిలబడింది.